పెరుగు తోడుకోని మేడ

ఆ మేడలో హైమకు అన్నిటికంటే ముందు నచ్చింది లిఫ్టు.

అది కరెంటుతో నడిచేది కాదు. సముద్రపు గాలిలోని తేమను గోడలు పీల్చి పైనున్న తొట్టిలోకి చేరవేస్తే, ఆ నీటి బరువు కిందికి దిగుతూ మనుషుల్ని పైకి లాగేది. పన్నెండో అంతస్తు చేరడానికి నాలుగు నిమిషాలు పట్టేది. అంత తీరిగ్గా పోతుంది కాబట్టి లోపల ఒక చెక్క బల్ల వేసి, సముద్రం కనిపించేలా గోడంతా అద్దం పెట్టారు. ఆడవాళ్లు అందులో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకునేవారు. పెళ్లయిన మూడో వారంలో, భీమిలి దారిలో కొండవాలు మీదున్న ప్రాణవాటిక అనే ఆ మేడలో కాపురం పెట్టడానికి వచ్చిన రోజు, హైమ ఆ లిఫ్టులో పైకీ కిందికీ మూడుసార్లు తిరిగింది. మూడోసారి ఉమాపతి సూట్‌కేసు మీద చతికిలబడి, కాపురం ఇందులోనే పెట్టేద్దామా అని అడిగాడు.

"పెట్టేద్దాం. కిటికీ ఉంది, బల్ల ఉంది. పొయ్యి ఒక్కటే తక్కువ," అంది హైమ.

రెండోది గోడ. పడకగదిలో ఉమాపతి ఆమె భుజాలు పట్టుకుని గోడకు చెంప ఆనించి నిలబడమన్నాడు. కొత్త కుండకు చెంప ఆనించినట్టు చల్లగా ఉంది. రెండు నిమిషాలయ్యాక పక్కకు జరిగి చూస్తే, ఆమె ఊపిరి తగిలినంత మేరా గోడ లేత గులాబి రంగు తిరిగింది. కాసేపటికి మళ్లీ తెల్లబడిపోయింది.

"తాగింది," అన్నాడు ఉమాపతి.

"ఏమిటి తాగింది?"

"నీ ఊపిరి."

హైమ సిగ్గుపడి, మళ్లీ చెంప ఆనించింది.

కింది అంతస్తులోని ప్రయోగశాలలో ఉమాపతి ఉద్యోగం ఆ గోడల బాగోగులు చూడటమే. గానుగలో సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి రోజుల తరబడి రుబ్బే పాతకాలపు గచ్చులో, ఎర్రమట్టి దిబ్బల అడుగున దొరికిన ఒక సూక్ష్మజీవిని కలిపి పెంచారు. దానికి ఊపిరి గచ్చు అని పేరు. దుమ్మూ బూజూ పొగా దాని తిండి. బదులుగా అది చల్లదనమూ నీళ్లూ ఇస్తుంది. ఎనభై నాలుగు ఇళ్లలో ఒక్క ఏసీ లేదు. మొదటి వారంలోనే హైమ పరీక్ష కోసం గుప్పెడు ఎండుమిరపకాయలు నూనెలో మాడ్చింది. ఇద్దరూ తుమ్ము కోసం ఎదురు చూశారు. రాలేదు. గోడ మీద పొయ్యి చుట్టూ ఎర్రటి మచ్చ లేచి, టీ తాగేలోపు మాయమైపోయింది. హైమ ఆ గోడను వీపు నిమిరినట్టు నిమిరి, "బంగారు తల్లివి" అంది.

మూడోది ఆనందరావు గారు.

ఆయన ఇల్లు కింది అంతస్తులో, లిఫ్టుకు ఎదురుగా ఉండేది. ఈ మేడకంటే ఆ ఇల్లు పాతది; మేడను తర్వాత దాన్ని కలుపుకుని కట్టారు. తొమ్మిదేళ్ల కిందట డాక్టర్ కృపావతి మొట్టమొదటిసారి ఊపిరి గచ్చు పూసింది ఆ గోడలకే. ఆనందరావు ఆమె భర్త. విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. భార్య చదువు ఆగిపోకూడదని రెండో షిఫ్టు కూడా చేశాడు. ఆమె పరిశోధకురాలయ్యేసరికి ఆయన ఊపిరితిత్తుల నిండా జనుము నూగే మిగిలింది. ఏడాది బతికితే గొప్ప అని వైద్యులు చెప్పినప్పుడు కృపావతి ఆ ఇల్లు కట్టింది. ఏడాది తొమ్మిదేళ్లయింది. ఆయన మాత్రం గడప దాటలేదు. బయటి గాలి పడదు. అద్దం తలుపు వెనక కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లను పలకరించేవాడు.

హైమది తుని అని తెలిసిన దగ్గర్నుంచి ఆయన ఆమెను తునమ్మాయ్ అనే పిలిచేవాడు. ఆమె బజారు నుంచి రాగానే ఆపి, ఇవాళ ఏం వాసనలు తగిలాయో చెప్పమనేవాడు. ఆయన ఇంట్లో ఏ వాసనా ఉండదు మరి. అక్కడి గోడలు తొమ్మిదేళ్ల ముదురు, అగరొత్తి వెలిగించినా నిమిషంలో తాగేసేవి. హైమ కుర్చీ లాక్కుని, బస్సులో మల్లెపూల బుట్ట, మలుపు దగ్గర ఆరబెట్టిన చేపలు, సైకిల్ షాపులో రబ్బరు మాడిన కంపు, ఒక్కటీ వదలకుండా చెప్పేది. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఎండుచేపల దగ్గరికి వచ్చేసరికి, "అది మళ్లీ సెప్పు," అనేవాడు.

అన్నీ బాగున్నాయి. పెరుగు ఒక్కటే తోడుకోలేదు.

అమ్మ తుని నుంచి చిన్న స్టీలు డబ్బాలో పెరుగు వేసి, గుడ్డ కట్టి పంపింది. మొదటి సాయంత్రం హైమ పాలు గోరువెచ్చగా చేసి, చెంచాడు పెరుగు వేసి వేలితో కలిపింది. పొద్దున్న మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మర్నాడూ అంతే. ఇడ్లీ పిండి కూడా రుబ్బినది రుబ్బినట్టే ఉండి, పొంగలేదు. ఉమాపతి ఆ ఇడ్లీలను ఒక్క మాట అనకుండా తిన్నాడు. ఆ ఒక్క మాట అనకపోవడమే హైమకు ఎక్కువ నొప్పి కలిగించింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. రసాయనాల పేర్లు నిద్రలో అడిగినా చెప్పగలదు. పెరుగు తోడు పెట్టడం రాని కోడలు అనిపించుకోవడం మాత్రం తన వల్ల కాదు.

గేటు బయట సన్యాసమ్మ కొట్టు ఉంది. ప్రాణవాటికలోకి ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా రానివ్వరు కాబట్టి, సన్యాసమ్మ పెరుగు ప్యాకెట్టు కత్తిరించి హైమ డబ్బాలో పోసింది. హైమ డబ్బాను గోంగూర కట్ట కింద దాచుకుంటూ, ఇంటికి చుట్టాలొచ్చారు, పెరుగు చాల్లేదు అని అడక్కపోయినా చెప్పింది. రెండో నెలా మూడో నెలా కూడా చుట్టాలే వచ్చారు. ఒక రోజు సన్యాసమ్మ కత్తెర పక్కన పెట్టింది.

"అమ్మా, ఆ మేడలో దినాము సుట్టాలే. పైనోళ్లకీ సుట్టాలే, కిందోళ్లకీ సుట్టాలే. అందరూ ఆకుకూర కింద డబ్బా ఎట్టుకునే ఎల్తారు. నువ్వొక్కద్దానివే అనుకుంతన్నావేటి?"

హైమ డబ్బా పట్టుకుని లిఫ్టు ఎక్కింది. బల్ల మీద తొమ్మిదో అంతస్తు వసుంధర, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వసుంధర బ్యాంకులో ఆఫీసరు. అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. ఆమె ముందు అందరూ కాస్త నడుం నిటారుగా పెట్టి కూర్చుంటారు. రెండో అంతస్తు దాటుతుండగా హైమ గోంగూర పక్కకు తీసి డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఇది కొన్న పెరుగండి. నాకు తోడుకోవడం లేదు."

మూడో అంతస్తు వెళ్లిపోయింది. నాలుగో అంతస్తు దగ్గర వసుంధర తన సంచిలోంచి పాలకూర కట్ట తీసింది. దాని కింద డబ్బా ఉంది. ఐదు దాటేసరికి బల్ల మీద నాలుగు డబ్బాలున్నాయి. ఒకావిడ నవ్వడం మొదలుపెట్టింది. తర్వాత అందరూ నవ్వారు. రెండేళ్లుగా ఒక్కొక్కరూ అది తమ చేతి తప్పే అనుకున్నారు. మీ అత్తగారికి చెప్పొద్దని ఒకరు, మా ఆయనకు తెలియదని ఒకరు. ప్రయోగశాలవాళ్లు నెలనెలా ప్రశ్నల కాగితం పంచేవారు. నిద్ర ఎలా పడుతోంది, తలనొప్పి వస్తోందా, మనసు తేలిగ్గా ఉందా అని నలభై ప్రశ్నలు. పెరుగు గురించి అందులో లేదు. ఉన్నా ఎవరూ నిజం రాసేవారు కాదు.

ఆ నవ్వుల్లోనే వసుంధర తన కూతురి సంగతి చెప్పింది. ఆరేళ్ల తన్మయి దసరా సెలవుల్లో పార్వతీపురం అమ్మమ్మ ఇంటికి వెళ్లి, వాంతులూ జ్వరంతో పదిహేడు రోజులు ఆసుపత్రిలో పడుకుందట. అదే నీళ్లు తాగిన మిగతా పిల్లలు ఎగురుతూ తిరిగారట. ఇక దీన్ని ఎక్కడికీ పంపను, ఈ ఇంట్లో ఉన్నంతకాలం దీనికి తుమ్మైనా రాదు అంది వసుంధర. మిగతా ఇద్దరూ తల ఊపారు. వాళ్లకూ అంతే. ఊరెళితే జబ్బు, మేడకొస్తే నిమ్మళం. అందుకే ఈ ఇల్లంటే ప్రాణం.

హైమ నవ్వు అక్కడ ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆమె వసుంధరను వెంటబెట్టుకుని సన్యాసమ్మ కొట్టుకు వెళ్లింది. ఒకే గిన్నెలో పాలు కాచి మూడు గ్లాసుల్లో పోసింది. సన్యాసమ్మ ఇంటి కుండలోని పెరుగే మూడింటిలోనూ వేసింది. ముగ్గురూ తలా ఒక గ్లాసును తమ వేలితో కలిపారు. మూడు గ్లాసులూ కొట్టులోనే, ఒకే చెక్క అల్మరాలో పెట్టారు.

తెల్లవారాక సన్యాసమ్మ గ్లాసు తిరగేసినా పెరుగు కదల్లేదు. మూడు నెలలుగా మేడలో ఉంటున్న హైమ గ్లాసులో జావలా ఉంది. రెండేళ్లుగా ఉంటున్న వసుంధర గ్లాసులో పాలే ఉన్నాయి. పుల్లటి వాసనైనా లేదు.

వసుంధర తన వేలిని చూసుకుంది. తర్వాత బ్యాంకుకు సెలవు పెట్టి, బడి నుంచి తన్మయిని తెచ్చుకోవడానికి వెళ్లింది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపించిందని తర్వాత చెప్పింది.

హైమ మూడు గ్లాసులూ పళ్లెంలో పెట్టి తెచ్చి ఉమాపతి ముందు ఉంచింది. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె అతన్ని నువ్వనే పిలిచేది. ఆ రోజు, "మీ గోడ మమ్మల్ని ఏం చేస్తోందో చెప్పండి," అంది. మీరు అనే మాట వినగానే అతనికి సగం భయం వేసింది. అయినా పెరుగు కోసమా ఇంత గొడవ అని నవ్వబోయాడు. మూడో గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాక నవ్వు రాలేదు. గ్లాసు తీసుకుని కిందికి వెళ్లినవాడు సాయంత్రానికి గాని తిరిగి రాలేదు.

గచ్చులోని జీవి తనకు పోటీ వచ్చే సూక్ష్మజీవులను చంపడానికి ఏదో వదులుతోంది. అది గాలిలో ఉంది, చేతుల మీద ఉంది, కడుపుల్లోకీ చేరింది. చెడ్డవాటితో పాటు మంచివాటినీ తుడిచేస్తోంది. ఎక్కువ కాలం ఉన్నకొద్దీ మనిషి బయటి నీళ్లకూ బయటి గాలికీ కొత్తవాడైపోతాడు. పిల్లలు మరీను. ఉమాపతి ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. తను రోజూ నీళ్లు చల్లి, ముద్దు చేసి పెంచిన గోడల మీద నేరం చెబుతున్నట్టు చెప్పాడు.

మర్నాడు కృపావతి గారే పన్నెండో అంతస్తుకు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన నేత చీర, చేతికి మగవాళ్ల వాచీ. మూడు గ్లాసులూ అడిగి చూశారు. హైమ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

తప్పు గచ్చుది కాదు, నాది అన్నారు చివరికి. ఆ గచ్చు నేర్పింది గౌరయ్య మేస్త్రి. ఇప్పుడు లేడు. ఆఖరి పూతలో మెత్తటి సున్నానికి చిలికిన పెరుగు కలపాలని ఆయన పట్టుబట్టాడు. "పెరుగు పడకపోతే గచ్చుకి పొగరెక్కుద్దమ్మా" అనేవాడు. కృపావతి ఆ పూత మానేశారు. పెరుగంటే సూక్ష్మజీవుల కుప్ప. భర్త గదిలోకి ఒక్కటి కూడా రాకూడదనుకున్నారు. అనుకున్నట్టే గోడ ఆయన్ని బతికించింది. దాంతో అదే పాళ్లతో మేడంతా కట్టారు.

ఇప్పుడు ఆ పూత వేస్తే గోడ మెత్తబడుతుందా అని హైమ అడిగింది. మెత్తబడుతుంది. కానీ మేడ మొత్తానికి గచ్చు ఒకే ఒళ్లు. ఎక్కడ పూసినా నెల తిరిగేలోపు ఆ మార్పు ఆనందరావు గారున్న కింది ఇంటికీ పాకుతుంది; ఆ గాలి ఆయనకు పడదు. ఆ ఇంటి గోడను విడిగా కోస్తే చచ్చిపోతుంది. ఇంకో దారి వెతకాలంటే రెండేళ్లు కావాలి.

"రెండేళ్లు ఆగలేరా అమ్మా?" అన్నారు కృపావతి. ఆ గొంతులో డాక్టరు లేదు.

పడకగదిలో ఉయ్యాల కొక్కెం ఎక్కడ వేయించాలా అని హైమ ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు లెక్క చూసుకుంది. ఆ మాట ఇప్పుడూ పైకి చెప్పలేదు. "ఆయన్ని అడిగారా అండి?" అని మాత్రం అడిగింది.

కృపావతి అడగలేదు.

ఆ సాయంత్రం ఆనందరావు ఎప్పటిలాగే కుర్చీ చూపించి, ఏం వాసనలు తెచ్చావని అడిగాడు. హైమ మల్లెపూలతో మొదలుపెట్టి, రెండో వాసన దగ్గర ఏడ్చేసింది. ఆయన దగ్గర దాచడం ఆమెకు చేతకాదు. అంతా చెప్పేసింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. చెప్పడం అయ్యాక నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నా ఊపిరి కోసం ఎనభై నాలుగు కొంపల్లో పెరుగు ఆపేసినాదన్నమాట మా ఆవిడ."

కృపావతి అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. హైమ లేవబోతే ఆయన కూర్చోమని సైగ చేశాడు.

"ముందు నా గదికే పుయ్యించు కృపా."

"నువ్వు పోతే ఈ గోడలు నాకెందుకు?"

"ఉండి మాత్రం ఏటి సేస్తన్నాను? అద్దంలోంచి లిఫ్టు సూస్తన్నాను." ఆయన ఆమె చెయ్యి అందుకుని వాచీ సరిచేశాడు. "తొమ్మిదేళ్లు ఇచ్చినావు. ఏ మొగుడికి ఏ పెళ్లామూ ఇయ్యలేదు. సాలు. ఆ బుజ్జిదాన్ని అమ్మమ్మకాడికి ఎల్లనీ."

మర్నాడు పొద్దున్నే గానుగ తిరగడం మొదలైంది.

సన్యాసమ్మ తన ఊరి నుంచి కుండలతో పెరుగు తెప్పించింది. అంత పెరుగు ఆ మేడ ఎప్పుడూ చూడలేదు. వసుంధర బ్యాంకు చీర కుచ్చిళ్లు దోపుకుని చిలికింది. ఉమాపతి మోచేతులదాకా సున్నంతో, మొదటి తాపీ ఆనందరావు మంచం పక్క గోడకే వేశాడు. అందరూ సంతోషించారని కాదు. సూక్ష్మజీవి లేని ఇల్లు అని చెప్పి అమ్మి, ఇప్పుడు పెరుగు పూస్తారా అని నాలుగు కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లాయి. గేటు దగ్గరి బోర్డు మీద ఆ వాక్యాన్ని కృపావతి స్వయంగా తుడిపించారు.

ఆరో రోజున ఆనందరావుకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు దిగలేదు. జ్వరం వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కృపావతి ఉలి పట్టుకుని గోడ గీకెయ్యడానికి సిద్ధపడితే, ఆయన మంచం మీంచి వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు వదల్లేదు. గుమ్మంలో నిలబడిన హైమ ఉమాపతి చొక్కా కొస గుప్పిట్లో నలిపేసింది. తాను లిఫ్టులో డబ్బా తెరవకపోయి ఉంటే ఈయన హాయిగా కుర్చీలో కూర్చునే ఉండేవాడన్న ఆలోచన ఆమెను నాలుగు రోజులూ వదల్లేదు.

ఐదో రోజు జ్వరం దిగింది. ఊపిరి మాత్రం మునుపటంత లేదు. రోజూ కొన్ని గంటలు ముక్కుకు గొట్టం పెట్టుకోవలసి వస్తోంది. ఎన్నేళ్లని వైద్యుడు చెప్పలేనన్నాడు. అద్దం తలుపు మాత్రం ఇప్పుడు తెరిచే ఉంటుంది.

నెల తిరిగింది. గోడలు ఇప్పటికీ చల్లగానే ఉన్నాయి. చెంప ఆనిస్తే గులాబి రంగూ తిరుగుతున్నాయి. ఎండుమిరపకాయలు వేయిస్తే ఒకటో రెండో తుమ్ములు వస్తాయి. మొదటి తుమ్ముకు హైమ, ఉమాపతి ఒకరి ముఖం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. లిఫ్టు నాలుగు నిమిషాలే తీసుకుంటోంది. ఆ మేడకంటే అందమైన ఇల్లు భూమ్మీద ఉంటుందని హైమ ఇప్పటికీ నమ్మదు.

ఒక సాయంత్రం ఆనందరావు తన ఇంట్లో, తన వేలితోనే పాలు తోడు పెట్టాడు. తొమ్మిదేళ్ల ముదురు గోడల మధ్య, తొమ్మిదేళ్లుగా ఆ గాలే పీల్చిన వేలు. అక్కడ తోడుకుంటే మేడలో ఎక్కడైనా తోడుకున్నట్టే. మర్నాడు పొద్దున్నే హైమ లిఫ్టు దిగేసరికి కృపావతి గిన్నె ముందు నిలబడి ఉన్నారు. ఎన్నో యంత్రాల ముళ్లు చదివిన మనిషికి పెరుగును ఎలా చూడాలో తెలియలేదు.

"కొంచెం వంచండి," అంది హైమ మెల్లగా.

కృపావతి రెండు చేతులతో గిన్నె వంచారు. కదల్లేదు. ఇంకొంచెం వంచారు. గిన్నె అంచున సన్నటి నీటి గీత ఒకటి మెరిసింది. తెల్లటి నడుమ భాగం అలాగే నిలబడింది. ఆమె గిన్నె కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని, వంగిన గిన్నెను చూస్తూ ఉండిపోయారు.

ఆనందరావు ముక్కు గొట్టం పక్కకు తీసి, ముఖం గిన్నె మీదికి వంచాడు. ఒకసారి పీల్చి, దగ్గి, మళ్లీ పీల్చాడు. తర్వాత కాలితో పక్క కుర్చీని హైమ వైపు తోశాడు.

"కూర్చో తునమ్మాయ్," అన్నాడు. "ఇయ్యాల వాసన నేను సెప్తాను."